ఆర్‌సిస్‌లాగ్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి లాగ్స్ రాయిస్తుంటే సీపీయూ దిగడం లేదు

ఆప్స్_అప్పన్న
ఉబుంటు 22.04, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14, లాగ్స్ పోగుచేసే సర్వీస్ ఆర్‌సిస్‌లాగ్ 8.2112. నాలుగు కోర్ల వీఎం, 8 జీబీ ర్యామ్. డేటాబేస్, ఆర్‌సిస్‌లాగ్ రెండూ ఒకే మెషీన్‌లో. ఆర్‌సిస్‌లాగ్ పీజీఎస్‌క్యూఎల్ ప్యాకేజీ వేసి, దాంతో వచ్చిన కాన్ఫిగ్‌తోనే సిస్టమ్‌ఈవెంట్స్ టేబుల్‌లోకి రాయిస్తున్నాం. లాగ్స్ పంపేవి 12 సర్వర్లు, ట్రాఫిక్ పెద్దగా లేదు. అయినా టాప్ కమాండ్‌లో సీపీయూ ఆర్‌సిస్‌లాగ్‌డి 90 శాతం పైన, పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ ఒకటి 80 పైన, జర్నల్‌డి (సిస్టమ్‌డీ లాగ్ సర్వీస్) 40 దగ్గర. ఆర్‌సిస్‌లాగ్ రీస్టార్ట్ చేస్తే కాసేపు బుద్ధిగా ఉండి మళ్ళీ మొదలు. టేబుల్ 38 జీబీ అయి కూర్చుంది. డిస్క్ ఎస్ఎస్‌డీయే. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆడిట్ వాళ్ళకి ఎస్‌క్యూఎల్ రిపోర్టులు కావాలి, కాబట్టి "డేటాబేస్ ఎందుకు, వేరేది వాడు" అని మాత్రం అనొద్దు.

లోకీ_భక్తుడు
డేటాబేస్ ఎందుకు, వేరేది వాడండి.

ఆప్స్_అప్పన్న
మొదటి రిప్లై ఇదే అని రాసేటప్పుడే తెలుసు.

కమిట్_కుమార్
ఒక్కో లాగ్ లైనుకి ఒక్కో ఇన్సర్ట్, ఆపైన కమిట్లు. కమిట్ అయిన ప్రతిసారీ వాల్ ఫైలుకి (మార్పులు ముందుగా రాసుకునే ఫైలు) ఎఫ్‌సింక్ పడుతుంది, అంటే డిస్క్ మీదికి దిగేదాకా ఆగాలి. ఆర్‌సిస్‌లాగ్ వాడే రోల్‌కి సింక్రనస్ కమిట్ ఆఫ్ చేసేయండి. మెషీన్ పడిపోతే పోయేది మహా అయితే వాల్ రైటర్ డిలేకి మూడింతల సమయంలో రాసినవి, అంటే డిఫాల్ట్ 200 మిల్లీసెకన్ల లెక్కన 0.6 సెకను లాగ్స్. దాంతోపాటు యాక్షన్‌కి లింక్డ్ లిస్ట్ క్యూ పెట్టి, వర్కర్ థ్రెడ్లు 4 ఇవ్వండి.

టర్మినల్_తాత
ఆగు కుమార్. ఎఫ్‌సింక్ కోసం ఆగడం సీపీయూ తినడం కాదు, అది టాప్‌లో డబ్ల్యూఏ (డిస్క్ కోసం ఎదురుచూపు) కాలమ్‌లో పడుతుంది. ఈయన చెప్పేది ప్రాసెస్‌కి 90 అని. అసలు కారణం తెలియకుండా వర్కర్లు నాలుగు చేస్తే మండే పొయ్యిలు నాలుగవుతాయి, అంతే.

అప్పన్నా, ముందు ఈ మూడు చెప్పండి.

ఒకటి, టాప్ పై వరసలో యూఎస్ (ప్రోగ్రాముల వాటా), ఎస్‌వై (కెర్నల్ వాటా), డబ్ల్యూఏ ఎంతెంత.

రెండు, టాప్‌ని పెద్ద హెచ్ ఆప్షన్‌తో పెట్టి ఆర్‌సిస్‌లాగ్ థ్రెడ్లలో ఏది తింటోందో చూడండి. పేర్లు విడివిడిగా కనిపిస్తాయి. 'ఇన్' అని మొదలయ్యేవి లాగ్స్ తీసుకునేవి, 'ఆర్ఎస్ మెయిన్ క్యూ' అన్నది రాయించేది.

మూడు, టేబుల్‌లో ఎవరి లాగ్స్ ఎక్కువున్నాయి. ప్రోగ్రామ్ పేరుండే సిస్‌లాగ్‌ట్యాగ్ కాలమ్‌లో పీఐడీ (ప్రాసెస్ నంబర్) కూడా కలిసి ఉంటుంది, నేరుగా గ్రూప్ బై పెడితే లక్ష గుంపులొస్తాయి. స్ప్లిట్ పార్ట్ ఫంక్షన్‌తో స్క్వేర్ బ్రాకెట్ ముందున్న ముక్క తీసి దాని మీద గ్రూప్ చేయండి. టేబుల్ మొత్తం మీద వద్దు, ఐడీ ప్రకారం చివరి లక్ష వరసలు చాలు. ఆ స్కీమాలో ఐడీకి తప్ప దేనికీ ఇండెక్స్ ఉండదు.

ఆప్స్_అప్పన్న
తాత గారూ, యూఎస్ 61, ఎస్‌వై 22, డబ్ల్యూఏ 3.
మెయిన్ క్యూ థ్రెడ్ 70, ఇన్ ఐఎమ్‌యుఎక్స్‌సాక్ (లోకల్ లాగ్స్ తీసుకునేది) 20.
చివరి లక్ష వరసల్లో 98,900 పైచిలుకు 'పోస్ట్‌గ్రెస్' ట్యాగ్‌వే!! మిగతా అన్నీ కలిపి వెయ్యి చిల్లర.

డీబీఏ_బాబాయ్
దొరికింది దొంగ. పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ డెస్టినేషన్, లాగ్ స్టేట్‌మెంట్ రెండిటికీ షో కొట్టి చెప్పు.

ఆప్స్_అప్పన్న
డెస్టినేషన్ సిస్‌లాగ్. స్టేట్‌మెంట్ మాడ్. ఎవరేం మార్చారో ఆడిట్‌కి కావాలన్నారని పెట్టాం బాబాయ్.

డీబీఏ_బాబాయ్
మాడ్ అంటే డీడీఎల్‌తో (టేబుళ్ళ నిర్మాణం మార్చేవి) పాటు ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ అన్నీ లాగ్ అవుతాయి. ఇప్పుడు వరసగా చూడు. ఎస్ఎస్‌హెచ్‌లో ఎవరో లాగిన్ అయ్యారు, ఒక లైను. ఆర్‌సిస్‌లాగ్ దాన్ని ఇన్సర్ట్ చేసింది. పోస్ట్‌గ్రెస్ "నేనొక ఇన్సర్ట్ చేశాను" అని సిస్‌లాగ్‌కి చెప్పింది. ప్యాకేజీతో వచ్చిన కాన్ఫిగ్‌లో ఫిల్టర్ స్టార్ డాట్ స్టార్, అంటే వచ్చిందల్లా డేటాబేస్‌కే. ఆ లైను కూడా ఇన్సర్ట్ అయింది, దాని గురించి మళ్ళీ ఒక లైను... ఇక దానికి చావు లేదు.

నమ్మకం కుదరకపోతే టేబుల్‌లో పొడుగాటి మెసేజ్ ఒకటి తెరువు. ఇలా ఉంటుంది:

ఇన్సర్ట్ ఇంటూ సిస్టమ్‌ఈవెంట్స్ … వాల్యూస్ ('ఇన్సర్ట్ ఇంటూ సిస్టమ్‌ఈవెంట్స్ … వాల్యూస్ (''ఇన్సర్ట్ ఇంటూ సిస్టమ్‌ఈవెంట్స్ … వాల్యూస్ (''''

చుట్టు చుట్టుకీ సింగిల్ కోట్లు రెట్టింపవుతాయి.

ఆప్స్_అప్పన్న
అచ్చం ఇలాగే ఉంది. ఒకదాంట్లో సగం మెసేజ్ కోట్లే.

కమిట్_కుమార్
లూప్ సరే. కానీ ఒక మెసేజ్‌కి ఒకటే పుడుతోంది కదా? ఒకటి పోయి ఒకటి వస్తే లోడ్ నిలకడగా ఉండాలి, పెరగకూడదు. ఈయనకి రీస్టార్ట్ తర్వాత పెరుగుతూ పోతోంది.

డీబీఏ_బాబాయ్
మంచి పాయింటే. రెండు కారణాలు.

బయటి నుంచి కొత్తగా వచ్చిన ప్రతి లైనూ తనదైన ఒక లూప్ మొదలుపెడుతుంది, పాతవి చావవు. 12 సర్వర్ల నుంచి నిమిషానికి ఓ రెండొందల లైన్లు వచ్చినా, నిమిషం గడిచేసరికి ఎప్పటికీ ఆగని రెండొందల లూపులు అదనం.

రెండోది ఇంకా చెడ్డది. పోస్ట్‌గ్రెస్‌లో సిస్‌లాగ్ స్ప్లిట్ మెసేజెస్ అని ఒక సెట్టింగ్ ఉంది, 9.6 నుంచీ. డిఫాల్ట్‌గా ఆన్. లైను 1024 బైట్లలో పట్టకపోతే ముక్కలు చేసి పంపుతుంది. ఆర్‌సిస్‌లాగ్ డిఫాల్ట్ టెంప్లేట్‌లో కాలమ్ పేర్లూ తేదీలూ కలిపి చుట్టుకి సుమారు 250 అక్షరాలు కలుస్తాయి. నాలుగైదు చుట్లలో 1024 దాటేస్తుంది, రెండు ముక్కలవుతుంది, రెండూ విడివిడిగా ఇన్సర్ట్ అవుతాయి. ఆ రెండూ మళ్ళీ పెరిగి నాలుగు. మెసేజ్ మొదట్లో 4471-1, 4471-2 అని స్క్వేర్ బ్రాకెట్లలో జంట నంబర్లు కనిపిస్తున్నాయా? ఆ చీలికలే.

స్ప్లిట్ ఆఫ్ చేస్తే చీలడం ఆగుతుంది కానీ లూప్ ఆగదు, కాబట్టి దాని జోలికి పోకు.

టర్మినల్_తాత
బాబాయ్ చెప్పినదానికి ఇంకొకటి. ఉబుంటులో లోకల్ సిస్‌లాగ్ ముందు జర్నల్‌డి చేతికి వెళ్ళి అక్కణ్ణించి ఆర్‌సిస్‌లాగ్‌కి వస్తుంది, అందుకే టాప్‌లో మూడోది జర్నల్‌డి. దానికో రేట్ లిమిట్ ఉంది: ఒక సర్వీస్‌కి 30 సెకన్లలో 10,000 దాటితే మిగతావి పారేస్తుంది, డిస్క్‌లో ఖాళీ ఎక్కువుంటే ఆ హద్దు కూడా పెరుగుతుంది. అలా పారేసినప్పుడు కొన్ని లూపులు చస్తాయి. జర్నల్‌లో 'సప్రెస్డ్' అని పోస్ట్‌గ్రెస్ సర్వీస్ పేరుతో లైన్లు వెతకండి. ఉంటే మీ మెషీన్ ఇంకా బతికుంది దాని పుణ్యాన్నే. జర్నల్‌డి లిమిట్ తీసేయమని ఎవరైనా చెబితే వినకండి.

కుమార్ చెప్పిన సింక్రనస్ కమిట్ ఆఫ్ ఇప్పుడే పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ప్రతి చుట్టూ ఎఫ్‌సింక్ దగ్గర ఆగుతోంది కాబట్టే ఈ మాత్రం నెమ్మది.

కమిట్_కుమార్
సరే సరే. లూప్ తీసేశాక పెట్టుకోమంటాను.

ఆప్స్_అప్పన్న
మరి డేటాబేస్ వేరే మెషీన్‌లో పెట్టేస్తే పోతుందా?

డీబీఏ_బాబాయ్
ఆ మెషీన్ లాగ్స్ కూడా ఇక్కడికే పంపితే అదే లూప్, మధ్యలో నెట్‌వర్క్ తోడవుతుంది. మార్చాల్సింది రెండు చోట్ల.

పోస్ట్‌గ్రెస్ వైపు: ఆర్‌సిస్‌లాగ్ వాడే రోల్ ఒక్కదానికే ఆల్టర్ రోల్‌తో లాగ్ స్టేట్‌మెంట్ నన్, లాగ్ మిన్ డ్యురేషన్ స్టేట్‌మెంట్ మైనస్ 1, లాగ్ మిన్ ఎర్రర్ స్టేట్‌మెంట్ పానిక్. సూపర్‌యూజర్‌గా చేయాలి. మిగతా అందరికీ మాడ్ అలాగే ఉంటుంది, ఆడిట్‌కి ఇబ్బంది లేదు. పీజీఆడిట్ (ఆడిట్ ఎక్స్‌టెన్షన్) వాడుతుంటే దానికీ ఇదే రోల్‌కి నన్. రోల్ సెట్టింగులు కొత్త కనెక్షన్‌కే వర్తిస్తాయి, అందుకని ఆర్‌సిస్‌లాగ్ రీస్టార్ట్ తప్పదు. రీలోడ్ చేసి "మారలేదేంటి" అని మళ్ళీ ఇక్కడికి రావద్దు.

ఆర్‌సిస్‌లాగ్ వైపు: రెసిపీ సింపుల్. ఈటీసీలోని ఆర్‌సిస్‌లాగ్ డాట్ డి డైరెక్టరీలో పేరు ముందు 10 ఉండేలా ఒక ఫైల్. అందులో, ప్రోగ్రామ్‌నేమ్ 'పోస్ట్‌గ్రెస్' అయితే విడిగా ఒక ఫైల్‌లోకి రాసి, ఆ తర్వాత స్టాప్. ఫైళ్ళు అక్షర క్రమంలో చదువుతుంది కాబట్టి డేటాబేస్ యాక్షన్ కంటే ఇది ముందు రావాలి. కొత్త ఫైల్‌కి లాగ్‌రొటేట్ పెట్టడం మరవకు.

రెండూ చేయి. ఒక్కటే చేస్తే, రేపు ఇంకెవరో లాగ్ స్టేట్‌మెంట్ ఆల్ అని మార్చిన రోజున మళ్ళీ ఇదే కథ.

గోదారి_గట్టు
బాబాయ్, ఆ ఫిల్టర్‌లో ఒక చిక్కుంది. ఆ 12 సర్వర్లలో వేరే పోస్ట్‌గ్రెస్‌లు ఉంటే వాటి లాగ్స్ కూడా డేటాబేస్‌లోకి రాకుండా పోతాయి, ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు. ప్రోగ్రామ్‌నేమ్‌తో పాటు ఫ్రమ్‌హోస్ట్ ఐపీ 127.0.0.1 అన్న షరతు కూడా కలపాలి. లోకల్‌గా పుట్టిన వాటికి ఆ ఐపీయే పడుతుంది.

డీబీఏ_బాబాయ్
కరెక్ట్. అది కలుపు అప్పన్నా.

జావా_జగ్గు
ఇదే లూప్ జావా అప్లికేషన్‌లో కూడా రావచ్చు. లాగింగ్ లైబ్రరీ లాగ్‌బ్యాక్‌లో డీబీ అపెండర్ (లాగ్స్‌ని డేటాబేస్‌లో రాసేది) పెట్టి, కనెక్షన్ పూల్ లాగర్లు డీబగ్‌లో వదిలేసి, ఆ అపెండర్ కూడా అప్లికేషన్ వాడే కనెక్షన్ పూల్‌నే వాడితే పూల్ తాలూకు డీబగ్ లైన్లు తిరిగి అందులోకే పోవచ్చు. లాగ్ రాసే పూల్ వేరు చేసి, దాని లాగర్లకి అడిటివిటీ ఫాల్స్ (పై లాగర్లకి పాకకుండా) పెట్టి ఫైల్‌కి మళ్ళించాలి. లూప్ లేకపోయినా ఆ అపెండర్ బరువే: ప్రతి ఈవెంట్‌కి కాలర్ వివరాలు లెక్కకట్టి మూడు టేబుళ్ళలో రాస్తుంది, ఎక్సెప్షన్ వస్తే స్టాక్ ట్రేస్‌లో లైనుకో వరస.

షార్ప్_శీను
డాట్‌నెట్‌లో కూడా. ఐలాగర్ ప్రొవైడర్ సొంతంగా రాసి అందులో ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్‌తో (డేటాబేస్ లైబ్రరీ) సేవ్‌చేంజెస్ పిలిస్తే, ఎగ్జిక్యూటెడ్ డీబీకమాండ్ అన్న లైను తిరిగి అదే ప్రొవైడర్‌కి వస్తుంది. డేటాబేస్ కమాండ్ క్యాటగిరీని ఆ ప్రొవైడర్‌కి వార్నింగ్ స్థాయికి పెంచాలి.

లోకీ_భక్తుడు
అన్ని భాషల వాళ్ళూ ఒకే గోతిలో పడ్డారన్నమాట. నేనేమీ అనలేదు.

ఆప్స్_అప్పన్న
బాబాయ్, తాత గారు, గట్టు గారు, థాంక్స్. రెండూ పెట్టాను. జర్నల్‌డి 1 కి దిగింది, టేబుల్‌లో పోస్ట్‌గ్రెస్ లైన్లు ఆగాయి. కానీ ఆర్‌సిస్‌లాగ్ ఇంకా 30 దగ్గర ఊగుతోంది. విచిత్రం ఏంటంటే పీఎస్ కమాండ్‌లో ఆర్‌సిస్‌లాగ్ రోల్ కనెక్షన్ పీఐడీ చూసిన ప్రతిసారీ మారిపోతోంది. కొత్త లాగ్స్ టేబుల్‌లోకి రావడం ఆగిపోయింది కూడా.

టర్మినల్_తాత
పీఐడీ మారుతోందంటే కనెక్షన్ తెంచి మళ్ళీ కలుపుతోంది. ఏదో ఒక ఇన్సర్ట్ ఫెయిలవుతోంది. ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ లాగ్స్ విడి ఫైల్‌లో పడుతున్నాయిగా, అందులో ఎర్రర్ లైన్లు చూడండి.

ఆప్స్_అప్పన్న
వాల్యూ టూ లాంగ్ ఫర్ టైప్ క్యారెక్టర్ వేరియింగ్ 60. అదే లైను వందలు.

టర్మినల్_తాత
అదే. సిస్టమ్‌ఈవెంట్స్‌లో సిస్‌లాగ్‌ట్యాగ్, ఫ్రమ్‌హోస్ట్ రెండూ 60 అక్షరాలే. కంటెయినర్ పేరు మొత్తం ట్యాగ్‌లో పెట్టే సర్వీస్ ఏదో ఉండి ఉంటుంది. యాక్షన్‌లో రెజ్యూమ్ రీట్రై కౌంట్ (ఫెయిలైతే ఎన్నిసార్లు మళ్ళీ ప్రయత్నించాలి) ఎంత పెట్టారు?

ఆప్స్_అప్పన్న
మైనస్ 1. డేటాబేస్ ఆగినా లాగ్స్ పోకూడదని.

టర్మినల్_తాత
ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాడ్యూల్‌కి 'డేటాబేస్ లేదు', 'డేటా బాలేదు' అనే తేడా పట్టదు. ఇన్సర్ట్ ఫెయిలైతే కనెక్షన్ మూసి, కొత్తది తెరిచి, మళ్ళీ అదే మెసేజ్ ప్రయత్నిస్తుంది. కనెక్షన్ దొరుకుతోంది కాబట్టి యాక్షన్ బాగుపడిందనుకుంటుంది, ఇన్సర్ట్ మళ్ళీ ఫెయిల్. మైనస్ 1 అంటే విసుగనేది లేదు. ఆ ఒక్క మెసేజ్ వెనకాల మిగతావన్నీ క్యూలో నిలబడ్డాయి, అందుకే కొత్తవి రావడం లేదు.

సీపీయూ ఎందుకంటే: కనెక్షన్‌కి ఒక ఫోర్క్, టీసీపీలో లోకల్‌హోస్ట్‌కి వెళ్తోంది కాబట్టి ఉబుంటు డిఫాల్ట్‌గా టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్, ఆపైన పోస్ట్‌గ్రెస్ 14లో పాస్‌వర్డ్ తనిఖీ స్క్రామ్ పద్ధతిలో, దానికి క్లయింట్ వైపు 4096 సార్లు హ్యాషింగ్. ఇక్కడ క్లయింట్ ఆర్‌సిస్‌లాగే.

విరుగుడు: ఆ రెండు కాలమ్‌లనీ ఆల్టర్ టేబుల్‌తో టెక్స్ట్ టైప్‌కి మార్చండి. వార్‌క్యార్ నుంచి టెక్స్ట్‌కి మారితే పోస్ట్‌గ్రెస్ టేబుల్ తిరగరాయదు, 38 జీబీ ఉన్నా క్షణంలో అవుతుంది. లాక్ మాత్రం గట్టిది పడుతుంది, పెద్ద రిపోర్ట్ నడుస్తున్నప్పుడు కొట్టకండి.

కమిట్_కుమార్
రీట్రై 3 కి తగ్గించడం తేలిక కదా, చెడ్డ మెసేజ్ పోతే పోయింది.

టర్మినల్_తాత
రెజ్యూమ్ ఇంటర్వెల్ డిఫాల్ట్ 30 సెకన్లు. మూడు సార్లంటే డేటాబేస్ రెండు నిమిషాలు ఆగినా మంచి మెసేజ్‌లు కూడా పోతాయి. ప్యాచ్ వేసి రీబూట్ చేసిన ప్రతిసారీ ఆడిట్‌లో కన్నం. డేటా సరిచేసి మైనస్ 1 ఉంచుకోవడమే మేలు.

పాత_స్విచ్
ఇలా ఇన్సర్ట్ ఫెయిలయ్యేవి ఇంకో రెండు చూసుకోండి. సొంత టెంప్లేట్ రాస్తే ఆప్షన్ ఎస్‌టీడీఎస్‌క్యూఎల్ ఆన్ ఉండాలి. మైఎస్‌క్యూఎల్ ఉదాహరణ చూసి ఆప్షన్ ఎస్‌క్యూఎల్ పెడితే, కోట్‌కి ముందు బ్యాక్‌స్లాష్ వేస్తుంది. పోస్ట్‌గ్రెస్ 9.1 నుంచి డిఫాల్ట్‌లో ఆ బ్యాక్‌స్లాష్‌ని మామూలు అక్షరంగానే చూస్తుంది, అపాస్ట్రఫీ ఉన్న ప్రతి మెసేజ్ సింటాక్స్ ఎర్రరే. పైగా అది ఇంజెక్షన్‌కి తలుపు తీసినట్టే.

రెండోది, పాత ప్రింటర్లు, స్విచ్‌లు యూటీఎఫ్-8 కాని బైట్లు పంపుతాయి, ఇన్‌వాలిడ్ బైట్ సీక్వెన్స్ అని తిరగ్గొడుతుంది. డేటాబేస్ యాక్షన్‌కి ముందు ఎమ్ఎమ్‌యూటీఎఫ్8ఫిక్స్ మాడ్యూల్ యాక్షన్ ఒకటి పెడితే చెడ్డ బైట్ల చోట ఖాళీ వేసేస్తుంది.

గోదారి_గట్టు
మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ వాళ్ళకీ ఆ 60 అక్షరాల గొడవ ఉంది. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్, అంతకుముందు కత్తిరించి వార్నింగ్‌తో సరిపెట్టేది, ఇప్పుడు 1406 ఎర్రర్.

ఆప్స్_అప్పన్న
రెండు కాలమ్‌లూ టెక్స్ట్ చేశాను. ఆర్‌సిస్‌లాగ్ 2, పోస్ట్‌గ్రెస్ 1. క్యూలో ఆగినవన్నీ వచ్చేశాయి. ఇప్పుడు క్యూ ఎలా పెట్టుకోవాలి?

కమిట్_కుమార్
ఇప్పుడు నా టైము. యాక్షన్ క్యూ డిఫాల్ట్ డైరెక్ట్, అంటే అసలు క్యూయే లేదు. డేటాబేస్ నెమ్మదిస్తే మెయిన్ క్యూ మొత్తం ఆగి మామూలు ఫైల్ లాగ్స్ కూడా నిలిచిపోతాయి. టైప్ లింక్డ్ లిస్ట్, సైజు 1,00,000, క్యూ ఫైల్‌నేమ్ ఒకటి, మ్యాక్స్ డిస్క్ స్పేస్ 1 జీబీ, సేవ్ ఆన్ షట్‌డౌన్ ఆన్. వర్కర్ ఒక్కటి చాలు, తాత మాట విన్నాను.

టర్మినల్_తాత
ఈసారి పూర్తిగా ఒప్పుకుంటున్నా. ఒక్క మాట: ఈ డిస్క్ క్యూ లూప్ ఉన్నప్పుడు పెట్టి ఉంటే రీస్టార్ట్ చేసినా లూప్ మెసేజ్‌లు డిస్క్ మీంచి లేచి వచ్చేవి. చదివేవాళ్ళు వరస మార్చకండి.

ఆర్‌సిస్‌లాగ్ తన లెక్కలు తానే చెప్పే ఐఎమ్‌పీస్టాట్స్ మాడ్యూల్ కూడా పెట్టండి, ఇంటర్వెల్ 60. దాని లాగ్ సిస్‌లాగ్ ఆఫ్ చేసి లాగ్ ఫైల్ ఇవ్వండి, లేకపోతే ఆ లెక్కలు కూడా డేటాబేస్‌లోకే పోతాయి. యాక్షన్ వరసలో ఫెయిల్డ్, సస్పెండెడ్ అంకెలు, క్యూ వరసలో సైజు, ఫుల్ అంకెలు చూస్తుంటే చాలు.

కొత్త_కీబోర్డ్
మెసేజ్‌లో వెతకడం చాలా స్లో. ట్రైగ్రామ్ జిన్ ఇండెక్స్ వేసుకోవచ్చా?

డీబీఏ_బాబాయ్
వేస్తే ప్రతి లాగ్ లైనునీ మూడేసి అక్షరాల ముక్కలు చేసి ఒక్కోదాన్ని ఇండెక్స్‌లో పెట్టాలి. సీపీయూ తగ్గించుకుందామని వచ్చిన చోట అది వద్దు. రిసీవ్డ్‌అట్ (లాగ్ అందిన సమయం) మీద బ్రిన్ ఇండెక్స్ వేయి, కాలక్రమంలో వచ్చే డేటాకి అది కొద్ది కేబీల్లో సరిపోతుంది. వెతికేటప్పుడు ముందు తేదీ బిగించి తర్వాత లైక్ పెట్టు.

ఆప్స్_అప్పన్న
చివరిది. ఈ 38 జీబీ చెత్త? డిలీట్ కొడితే సరిపోతుందా?

డీబీఏ_బాబాయ్
వద్దు. డిలీట్ చేసినా ఫైల్ సైజు తగ్గదు, ఆటోవాక్యూమ్ గంటల తరబడి కూర్చుంటుంది, వాక్యూమ్ ఫుల్‌కి టేబుల్ లాక్. ఉంచాల్సింది కొంచెమే కాబట్టి కొత్త టేబుల్‌లోకి ఎత్తుకోవడమే దారి.

ఆర్‌సిస్‌లాగ్ ఆపు. ఆపినంతసేపూ బయటి సర్వర్లు యూడీపీలో పంపేవి పోతాయి, టీసీపీ అయితే పంపేవైపు క్యూ ఉంటేనే దాచుకుంటుంది, అందుకని రద్దీ లేని వేళ చూసుకో. క్రియేట్ టేబుల్ లైక్ ఇంక్లూడింగ్ ఆల్‌తో కొత్తది చేయి. ట్యాగ్ పోస్ట్‌గ్రెస్ కానివి, లేదా హోస్ట్ ఈ మెషీన్ కానివి అందులోకి ఇన్సర్ట్ సెలెక్ట్. పేర్లు మార్చు. రోల్‌కి ఇన్సర్ట్ గ్రాంట్ మళ్ళీ ఇవ్వాలి, లైక్‌తో గ్రాంట్లు రావు.

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు: ఐడీ సీరియల్ కాబట్టి కొత్త టేబుల్ కూడా పాత సీక్వెన్స్‌నే వాడుతుంటుంది, ఆ సీక్వెన్స్ యజమాని పాత టేబుల్. పాతది డ్రాప్ చేయబోతే డిపెండెన్సీ ఉందని ఆగిపోతుంది. అది చూసి క్యాస్కేడ్ అని కొట్టావో, సీక్వెన్స్‌తో పాటు కొత్త టేబుల్ ఐడీ డిఫాల్ట్ కూడా ఎగిరిపోయి ప్రతి ఇన్సర్ట్ నాట్ నల్ ఎర్రర్. ముందు ఆల్టర్ సీక్వెన్స్ ఓన్డ్ బై కొత్త టేబుల్ ఐడీ అని మార్చి, అప్పుడు డ్రాప్.

గోదారి_గట్టు
టేబుల్ చిన్నగా ఉన్నప్పుడే ఐడీని బిగ్‌ఇంట్ చేసి, సీక్వెన్స్‌ని కూడా యాజ్ బిగ్‌ఇంట్ చేయండి. ఇంటీజర్ హద్దు 2,14,74,83,647. లూప్‌లో ఎన్ని కోట్లు తినేసిందో లాస్ట్ వాల్యూ చూడండి.

ఆప్స్_అప్పన్న
11 కోట్ల చిల్లర. బిగ్‌ఇంట్ చేసేస్తున్నా.